వెనక సీట్లో ఇరవైనాలుగు డిగ్రీలు

మా వాటా, వసారా మెట్ల మీద నుంచి
మార్చి 2

ఐసత్తా,

గొంతు ఎలా ఉంది? ఆపరేషను తర్వాత మూడు నెలలు నోరు మెదపకూడదని డాక్టరు చెప్పాడట. పాపం, ఎవరితో చెప్తున్నాడో తెలియక చెప్పి ఉంటాడు. నువ్వేమో ఫోనులో అక్షరాలు చీమల్లా కనిపిస్తాయంటావు. అందుకే బడి మానేశాక ఇన్నేళ్లకి మళ్లీ ఉత్తరం రాస్తున్నాను. తప్పులు నువ్వే దిద్దుకో.

మా చొక్కాల ఫ్యాక్టరీ మూసేశారని నీకు తెలుసు కదా. పంతొమ్మిదేళ్లు కాలర్లు కుట్టాను అత్తా, కాలర్లు మాత్రమే. వెళ్లిపోతూ వాళ్లు సామానంతా అమ్మేశారు. మేనేజరు గుడ్డల శాంపిళ్లు వేసుకుని తిరిగిన పాత కారు నేను కొనేశాను. నవ్వకు! లైసెన్సు ఉంది, చెయ్యి కూడా తిరిగింది. మా ఆయన, అదే నీ అల్లుడు, లారీ మీద నుంచి ఫోను చేసి "నీకెందుకే ఈ పెంట" అన్నాడు. ఎందుకో చెప్తా విను.

ఇక్కడ డయాలిసిస్ సెంటరుకి ఏడాది ఒప్పందం మీద ఒక కారు కావాలట. రక్తం శుద్ధి చేయించుకున్నవాళ్లని ఇళ్లకి దింపాలి. నాలుగు గంటలు యంత్రం పక్కన పడుకుని లేచేసరికి వాళ్ల ఒంట్లో ఓపికుండదు, ఎండలో కళ్లు తిరిగి పడిపోతారు. అందుకని మే పదో తారీఖున కార్లకి పరీక్ష. పెద్ద నర్సు మిట్టమధ్యాహ్నం కారుని ఎండలో నిలబెట్టించి, మనుషుల్ని ఎక్కించి, వెనక సీట్లో తల దగ్గర థర్మామీటరు వేలాడదీస్తుంది. పది నిమిషాల్లో ఇరవైనాలుగుకి దిగాలి. పోటీలో మూడు కార్లున్నాయి.

ఇవాళ మా పిల్లని వెనక కూర్చోబెట్టి నేనే పరీక్ష పెట్టుకున్నా. పది నిమిషాలకి ముప్ఫైమూడు! ఏసీ ఉందనే పేరే గానీ గాలి పళ్లు లేని ముసలాయన ఊదినట్టుంది.

ఈ పని రాకపోతే నేను వేరే ఊళ్లో దుప్పట్ల ఫ్యాక్టరీకి పోవాలి. అక్కడ ఆడవాళ్ల హాస్టల్లో ఉండాలి, పిల్లని అన్నయ్య ఇంట్లో వదలాలి. అది పదో తరగతిలోకి వస్తోంది. దాన్ని వదిలి ఉండటం నా వల్ల కాదు, అంతే. ఐసు ఫ్యాక్టరీలో అన్నేళ్లు పనిచేసినదానివి, ఈ డబ్బా చల్లబడే దారి చెప్పు.

నీ సూది


కిటికీ పక్క మంచం
మార్చి 9

ఒసేయ్ సూదీ,

కారు కొన్నావా! నీ ఉత్తరం చదివి ఈల వెయ్యబోయాను. ఈల వెయ్యొచ్చో లేదో డాక్టరు చెప్పలేదు కాబట్టి వెయ్యకుండా మంచం కోడు మీద దరువేశాను. గొంతు సంగతి అడక్కు. దాని పని అది చూసుకుంటుంది, మనం మన పని చూద్దాం.

మొదట చేయకూడనిది చెప్తాను. ప్రతివాడూ "గ్యాసు కొట్టించు" అంటాడు. చెవిన పెట్టకు. గ్యాసు పెట్రోలు కాదు, వాడుతుంటే అయిపోవడానికి. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టు, ఆ కారేది చూడకుండా నింపడం చిల్లికుండలో నీళ్లు పోసినట్టే. పైగా ఎక్కువైతే ఉన్న చల్లదనం కూడా పోతుంది.

ఇక చేయాల్సినవి. ఏసీ బటన్ల దగ్గర కారు బొమ్మలో ఒంపు తిరిగిన బాణం గుర్తు ఉంటుంది. అది నొక్కితే లోపలి గాలే మళ్లీ మళ్లీ చల్లబడుతుంది. నొక్కకపోతే బయటి వడగాలిని ఎప్పటికప్పుడు కొత్తగా చల్లబరుస్తూ చస్తుంది పాపం. తర్వాత, డాష్‌బోర్డు సొరుగు వెనక గాలి ఫిల్టరు ఉంటుంది, కాగితం మడతలు పెట్టినట్టు. దాన్ని తీసెయ్యి. షాపులో కొన్నదే వెయ్యి, సొంత తెలివి చూపించకు. మూడోది, ఇంజను ముందుభాగంలో రేడియేటరు కంటే ముందు సన్న రేకుల జాలీ ఒకటి ఉంటుంది. అదే లోపలి వేడిని బయట పారేసేది. ఇంజను చల్లారాక నీళ్లతో మెల్లగా కడుగు. నీ కోపమంతా నీళ్లపైపు మీద చూపించావంటే ఆ రేకులు వంగిపోతాయి.

ఒక్కో పనికి ఒక్కోసారి థర్మామీటరు చూడు. అన్నీ ఒకేసారి చేసేస్తే ఏది మందో ఏది మాయో తెలియదు.

ఐసత్త


కారు పక్కన ముక్కాలి పీట
మార్చి 28

అత్తోయ్!

బాణం బటను నొక్కాను, ముప్ఫైయొకటి! ఒక్క వేలితో రెండు డిగ్రీలు! ఇన్నాళ్లూ వీధిలో ఉన్న ఎండనంతా లోపలికి పిలిచి కూర్చోబెట్టానన్నమాట.

ఫిల్టరు కూడా మార్చేశాను. పాతది తీస్తుంటే చేతిలోనే పొడిపొడి అయిపోయింది. కొత్తది కొలతకి అతికినట్టు సరిపోయింది. దానివల్ల మాత్రం అంకె కదల్లేదు.

జాలీ కథ విను. టార్చి వేసి చూస్తే అక్కడ జాలీయే కనపడదు, బూడిదరంగు దుప్పటి కప్పినట్టుంది. అది మా ఫ్యాక్టరీ దూదిపీచు! శాంపిళ్లు వేసుకుని రోజూ గోడౌన్ల చుట్టూ తిరిగిన కారు కదా. నీళ్లు పోస్తుంటే చాపలు చాపలుగా ఊడొచ్చింది. అక్కడక్కడా వంగిన రేకుల్ని మా పిల్ల దువ్వెనతో నిలబెట్టాను. ఓపిక విషయంలో నాకెవరూ సాటిరారులే, కాలరు మూల తిప్పడం కంటే తేలిక. దువ్వెన పళ్లు నాలుగు విరిగాయి, మా పిల్ల నాతో పూటంతా మాట్లాడలేదు. అయితేనేం, ఇరవైతొమ్మిది! అంకె చూసి ఇద్దరం వీధిలో గంతులేశాం, ఎదురింటావిడ ఏమైందోనని పరుగెత్తుకొచ్చింది.

ఇంకా ఐదు డిగ్రీలు దిగాలి. డాక్టరు కట్టు విప్పాడా? ఏమన్నాడు?

సూది


కిటికీ పక్క మంచం
ఏప్రిల్ 4

శభాష్‌రా నా మేనకోడలా!

నీకొక ప్రశ్న. కారు పరుగెడుతున్నప్పుడు చల్లగా ఉండి, నిలబడగానే వెచ్చబడుతోందా? జవాబు నాకు తెలుసు, అయినా అడుగుతున్నాను. పరుగులో ఎదురుగాలే జాలీని చల్లబరుస్తుంది. నిలబడితే ఆ పని ఫ్యాను చెయ్యాలి. ఇంజను, ఏసీ వేసి, బానెట్టు ఎత్తి చూడు. పమిట, జడ, చేతులు అన్నీ దూరంగా పెట్టుకో. చూడటమే, ముట్టుకోవడం లేదు.

ఫ్యాను తిరగకపోతే ఇంజను ఆపి ఫ్యూజుల పెట్టె తెరువు. మూత మీద బొమ్మ ఉంటుంది. అగ్గిపెట్టెలో సగమంత నల్ల డబ్బాలుంటాయి, వాటిని రిలే అంటారు. వాటిల్లో ఒకటి ఫ్యానుకి కరెంటు వదిలేది. హారనుది కూడా చాలా కార్లలో అలాంటిదే ఉంటుంది. రెంటి మీదా నంబరు ఒకటే అయితే హారనుదాన్ని తీసి ఫ్యానుదాని చోట పెట్టు. ఫ్యాను తిరిగిందంటే దొంగ దొరికాడు. తిరక్కపోతే ఫ్యానే పోయింది.

డాక్టరు మంచివాడే. కట్టు విప్పాడు. ఇక రిలే సంగతి చూడు.

ఐసత్త


కారు లోపల, స్టీరింగు మీద కాగితం పెట్టి
ఏప్రిల్ 20

అత్తా! అత్తా! అత్తా!

ఫ్యాను చచ్చిపోయి పడుంది! నువ్వు చెప్పినట్టే నంబరు చూసి, హారను రిలే పీకి అక్కడ పెట్టాను. స్టార్టు చేశాను. రయ్యిమని తిరిగింది! నేను అరిచిన అరుపుకి ఎదురింటావిడ మళ్లీ వచ్చింది. ఆవిడకిప్పుడు అలవాటైపోయింది, ఈసారి మంచినీళ్ల చెంబు కూడా తెచ్చింది. కొత్త రిలే దొరికేదాకా రెండు రోజులు నా కారుకి నోరు లేదు. సందు మలుపుల్లో కిటికీలోంచి తల బయటపెట్టి "జరగండి బాబూ, జరగండి" అంటూ నడిపాను. నువ్వు మాట్లాడటం లేదు, నా కారు మాట్లాడటం లేదు, ఊరంతటి మాటలూ నేనే మాట్లాడాలి.

పది నిమిషాలకి ఇరవైఆరు! ఇంకా రెండే!

ఈలోపు నీ అల్లుడు లారీ దిగి ఇంటికొచ్చాడు, చేతిలో గ్యాసు డబ్బా. "ఆ రెండు డిగ్రీలూ దీంతో కొట్టేద్దాం" అన్నాడు. నేను బానెట్టుకి అడ్డంగా నిలబడ్డాను. "మా అత్త వద్దంది" అన్నాను. "మీ అత్త ఐసు దిమ్మలు చేసింది, కార్లు చేయలేదు" అన్నాడు. "చల్లదనం ఎక్కడైనా చల్లదనమే" అన్నాను. అబ్బ, ఎంత బాగా వచ్చిందో ఆ మాట! ఏసీ కాసేపు నడిపి ఇంజను ఆపాక పైపులు ముట్టుకు చూడమన్నాను. లావు పైపు చల్లగా, మంచుపట్టి చెమ్మగా ఉంది, సన్నది వేడిగా ఉంది. దాన్నిబట్టి గ్యాసు బాగానే ఉన్నట్టేగా? నువ్వు రాయకముందే నేనే కనిపెట్టాను, కొంచెం పొగుడు. ఆయన డబ్బా పట్టుకుని మళ్లీ లారీ ఎక్కాడు.

కానీ ఒక వింత ఉంది. పది నిమిషాలకి ఆపకుండా అలాగే నడిపితే, పదిహేను దాటేసరికి గాలి సన్నబడుతోంది. ఇరవై నిమిషాలకి పూర్తిగా చచ్చిపోతోంది. మళ్లీ ముప్ఫై! ఆపేసి పావుగంట ఊరుకుంటే కారు కింద నీళ్లు మడుగు కడుతున్నాయి, అప్పుడు వేస్తే గాలి మళ్లీ వస్తోంది. దీనికేం దయ్యం పట్టింది? పరీక్షకి ఇరవై రోజులే ఉన్నాయి.

సూది


కిటికీ పక్క మంచం
ఏప్రిల్ 25

సూదీ,

ఐసు!

ఐసే పిల్లా, ఐసు! నీ ఉత్తరం చదువుతూ మంచం మీద నుంచి లేచి నిలబడ్డాను. దయ్యమూ లేదు, భూతమూ లేదు. లోపల చల్లబరిచే కాయిలు మీద ఐసు గడ్డకడుతోంది. గడ్డకట్టిన కాయిల్లోంచి గాలి దూరదు, అందుకే సన్నబడుతోంది. ఆపితే కరిగి మడుగవుతోంది. ఇన్నాళ్లూ నీ కారుకి చల్లదనమే లేదు కాబట్టి ఇది బయటపడలేదు. ఐసు సంగతి నాకు చెప్తున్నావా! నా బతుకంతా దాంతోనే గడిచింది.

పైపుల సంగతి కనిపెట్టినందుకు పొగిడాను, పుచ్చుకో. దాన్నిబట్టి గ్యాసు మీద నాకు అనుమానం లేదు. ఫ్యాను తిరుగుతోంది. మరి ఐసెందుకు కడుతుంది? కాయిలు మీదికి సరిపడా గాలి రాకపోతే కడుతుంది. గాలికి అడ్డం పడేది అక్కడ ఒక్కటే ఉంది. ఫిల్టరు.

కొత్తది వేశానన్నావు. కొత్త ఫిల్టరైతే అడ్డం పడదు. నీ మార్చి ఉత్తరం తీసి మళ్లీ చదివాను. దూదిపీచు గురించి అరపేజీ రాశావు, దువ్వెన గురించి రాశావు, ఎదురింటావిడ గురించి రాశావు. ఫిల్టరు గురించి రెండు ముక్కలు గబగబా అనేసి దాటేశావు. నువ్వలా దాటేసేదానివి కాదు.

నిజం చెప్పు. ఏం పెట్టావు అందులో?

ఐసత్త


వంటింటి గడప
ఏప్రిల్ 30

అత్తా,

నీ ఉత్తరం చదివాక దొంగకి తేలు కుట్టినట్టయింది నా పని. చెప్తాను. తిట్టు, కానీ చదివాక తిట్టు.

ఆ ఫిల్టరు నేను కొనలేదు. కుట్టాను.

పాతది పొడైపోయిందన్నాను కదా, దాని చట్రం మిగిలింది. కొలతలు తీసుకున్నాను. కాలరు లోపల పెట్టే గట్టి క్యాన్వాసు ఇంట్లో ఉంది. దుమ్ము అస్సలు రాకూడదని రెండు పొరలు వేశాను. అవి కదలకుండా మధ్యలో జిగురుగుడ్డ పెట్టి ఇస్త్రీ చేశాను. మడతలు అన్నీ ఒకే కొలతలో, అంచులకి డబుల్ కుట్టు. నువ్వు చూస్తే మెచ్చుకునేదానివి, అంత అందంగా వచ్చింది. గాలి వెళ్లాలన్న సంగతే నా బుర్రకి తట్టలేదు. చొక్కా కాలరు ఎంత బిగువుగా ఉంటే అంత గొప్ప కదా!

డబ్బుకి చూసుకుని కాదు అత్తా. ఫ్యాక్టరీ మూసిన రోజున, కాలర్లు తప్ప ఏమీ రాని మనుషులు ఎక్కడికి పోతారో అని మేనేజరు ఎవరితోనో ఫోనులో అంటుంటే విన్నాను. ఆ మాట లోపల ముల్లులా ఉండిపోయింది. ఆ కారులో నా చేత్తో కుట్టినది ఒక్కటైనా పనిచేస్తే చాలనుకున్నాను. నువ్వు సొంత తెలివి వద్దన్నావు, నేను చూపించాను, అందుకే చెప్పడానికి సిగ్గేసింది. ఆ సిగ్గుతో నెల రోజులు పోగొట్టాను. నా పిల్ల నా దగ్గరుండే దారికి నేనే డబుల్ కుట్టు వేసి మూసేశాను.

ఇప్పుడే తీసేశాను. షాపుకి వెళ్తున్నాను.

సూది


కిటికీ పక్క మంచం
మే 4

ఓసి నీ తెలివి తెల్లారినట్టే ఉంది!

క్యాన్వాసా! రెండు పొరలా! మధ్యలో జిగురుగుడ్డా! కారు ముక్కుకి చొక్కా తొడిగి గుండీలు పెట్టావు కదే! నవ్వీ నవ్వీ కడుపునొప్పి వచ్చింది. తిట్టడం అయిపోయింది, ఇంక తిట్టను.

కొత్త ఫిల్టరు మీద బాణం గుర్తు ఉంటుంది, గాలి వెళ్లే వైపుకి పెట్టాలి. పెట్టాక అరగంట ఆపకుండా నడిపి చూడు. ఇరవై నిమిషాలు దాటినా గాలి తగ్గకపోతే ఇంక దిగులు పెట్టుకోకు. పరీక్ష రోజు కారుని పొద్దుటి నుంచి నీడలో ఉంచు. పిలవగానే నాలుగు కిటికీలూ దింపి ఒక నిమిషం నడుపు, లోపలి వేడి పోతుంది, అప్పుడు మూసి ఏసీ వెయ్యి.

ఆ మేనేజరు మాట పక్కన పెట్టు. వంగిన రేకుల్ని దువ్వెనతో నిలబెట్టిన చేతులవి. నాకా ఓపిక లేదు.

నువ్వొక నిజం చెప్పావు, నేనొకటి దాచాను. కట్టు విప్పిన రోజున డాక్టరు మాట్లాడమన్నాడు. మాట్లాడాను. గాలి వచ్చింది గానీ గొంతు రాలేదు. ఇంకో నెల చూద్దామన్నాడు. మొన్న చూశాడు. ఇంతేనట, గుసగుస వరకే. ఫ్యాక్టరీలో కంప్రెసర్ల హోరులో అరిచి పని చెప్పినదాన్ని సూదీ. ఆ రోజు చాలా ఏడ్చాను. నీకు చెప్తే నువ్వు కారు వదిలేసి నా దగ్గరికి పరుగెత్తుకొస్తావని చెప్పలేదు. రావద్దు. పదో తారీఖు అయ్యేదాకా గడప దాటావంటే చంపేస్తాను.

ఐసత్త


డయాలిసిస్ సెంటరు, కార్లు నిలిపే చోట
మే 10

అత్తా,

వచ్చింది! ఒప్పందం మనదే! పెద్ద నర్సు ఇంకా లోపలే ఉంది, నేను సీట్లోనే కూర్చుని గబగబా రాస్తున్నాను, అక్షరాలు నువ్వే కూడబలుక్కో.

మొదటి కారు కొత్తది, నిగనిగలాడిపోతోంది. ముందు సీట్లో మంచుతుఫాను, వెనక ఇరవైఏడు! కూర్చోబెట్టేది వెనకనే కదా. రెండోది సరిగ్గా ఇరవైనాలుగు. తర్వాత నేను. నలుగురు నర్సులు ఎక్కారు. ఐదు నిమిషాలకి ఇరవైఐదు. పది నిమిషాలకి ఇరవైరెండు!

నేను లేవబోయాను. "కూర్చో అమ్మా, ఇంకాసేపు చూద్దాం" అంది పెద్ద నర్సు. పదిహేను నిమిషాలయింది. ఇరవై నిమిషాలయింది! నువ్వు అరగంట నడపమన్నావని నిన్నంతా చూసుకున్నాను, గాలి తగ్గలేదు, అయినా ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకున్నాను. ఇరవైఐదో నిమిషానికి కూడా గాలి అదే జోరు, అంకె ఇరవైఒకటి. "ఇంకా ఎంతసేపు మేడమ్?" అని అడిగేశాను. వెనక నుంచి ఒక నర్సు, "మేడమ్ పరీక్ష ఎప్పుడో అయిపోయింది, మాకే దిగాలనిపించడం లేదు" అంది! పెద్ద నర్సు కూడా నవ్వింది. రెండోదాన్ని పదిహేను నిమిషాలు దాటనివ్వగానే మళ్లీ ఇరవైఆరుకి ఎక్కిందట.

పిల్లకి ఫోను చేశాను. అది ఏడ్చింది, తర్వాత కొత్త దువ్వెన కావాలంది.

నీ గొంతు గురించి చదివి రాత్రి అన్నం ముట్టలేదు. నువ్వు దాచినందుకు కోపం వచ్చింది, తర్వాత ఆ కోపం నా మీదే వచ్చింది. ఆదివారం నేనూ పిల్లా కారులో వస్తున్నాం. అడ్డు చెప్పకు, చెప్పాలన్నా గుసగుసగానే చెప్పాలి, నేను వినపడనట్టు నటిస్తాను.

ఒక్క పని మిగిలింది. ఒప్పందం ఫారంలో "ఈ వాహనాన్ని మరమ్మతు చేసి, బాగోగులు చూసేవారు" అని ఒక గడి ఉంది. పెద్ద నర్సు "ఏ షెడ్డు?" అని అడిగింది. షెడ్డు కాదు, మా అత్త అన్నాను. రెండు నెలలుగా కారు చూడకుండానే ఉత్తరాల్లో బాగుచేసిందని చెప్పాను. నమ్మలేదు. నీ ఉత్తరాలు చూపించాను. నిలబడే నాలుగూ చదివి, గడిలో నీ పేరే రాయమంది. సంతకమూ, దాని కింద హోదా అన్నచోటా నువ్వే నింపాలి. ఫారం ఇందులో పెడుతున్నాను, వెంటనే పంపు. అది అందాకే పని మొదలు.

నీ సూది


కిటికీ పక్క మంచం
మే 14

సూదీ,

ఇరవైఒకటి! నీ ఉత్తరం పక్కింటివాళ్ల చేత పైకి చదివించుకుని ఇంకోసారి విన్నాను. ఆదివారం రండి. వస్తూ కారుని నా కిటికీ ఎదురుగా ఆపు, ముందు దాన్ని చూడాలి, తర్వాత మిమ్మల్ని.

ఫ్యాక్టరీలో నేను ఏదైనా చెప్తే సగంలోనే ఎవడో ఒకడు అందుకునేవాడు. కంప్రెసరు చప్పుడు తేడాగా ఉందని నేనంటే నవ్వి, మర్నాడు అదే మాట ఇంజనీరు అంటే తలూపేవాళ్లు. ఇరవైఎనిమిదేళ్లు నేను విప్పి బిగించిన యంత్రాలకి సంతకాలు వేరేవాళ్లవి. నా సంతకం హాజరుపట్టీలో మాత్రమే ఉండేది, పక్కన "హెల్పరు" అని అచ్చువేసిన చోట. నేను చెప్పింది మొదటి నుంచి చివరి దాకా విని, చెప్పినట్టు చేసి, ఎంతకి దిగిందో తిరిగి చెప్పినదానివి నువ్వొక్కదానివే. అదీ నాకు గొంతు పోయాక.

ఫారం ఇందులో పెట్టాను. సంతకం బాగానే వచ్చింది. హోదా దగ్గర ఒక కొట్టివేత ఉంటుంది, కంగారుపడకు. ఆలోచించకుండా చెయ్యి దానంతటదే "హెల్పరు" అని రాసేసింది. అది కొట్టేసి పక్కన "మెకానిక్కు" అని రాశాను. కొట్టివేత దగ్గర కూడా సంతకం పెట్టాను. పెద్ద నర్సు ఒప్పుకోకపోతే ఇంకో ఫారం తీసుకురా. ఈసారి తప్పు రాయను.

ఐసత్త